జెర్సీ మీద ఎవరి పేరు?

(తెనాలిలో జరిగిన మన సంఘం వార్షిక సభలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ఏటా ఈ సభలో మేము లెక్కలు చదువుతాం. ఎన్ని ఇళ్లకు రంజాన్ రేషన్ అందింది, ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టాం, ఎవరి ఆపరేషన్‌కు ఎంత ఇచ్చాం అని పైసా పైసా చెబుతాం. ఈసారి ఆ లెక్కల్లో కనిపించని ఒక సొమ్ము గురించి చెప్పాలి. అది మేము తీసుకోని సొమ్ము. ఎందుకు తీసుకోలేదో మీకు చెప్పుకోవలసిన బాధ్యత మాది. ఎందుకంటే ఆ లోటు ఇప్పుడు మీ ముందుకే వస్తోంది.

సంగతి మీలో చాలామందికి తెలుసు. వేసవి సెలవుల్లో మన మూడు ఊళ్ల కుర్రాళ్లకు క్రికెట్ పోటీలు పెడుతున్నాం. తెనాలి జంక్షన్‌లో రైలు పట్టాలు రెండు దారులవుతాయి. ఒకటి రేపల్లెకు, ఒకటి బాపట్ల మీదుగా చీరాల వైపుకు. ఆ రెండు దారుల్లోనూ పిల్లలు కిట్లు భుజాన వేసుకుని ప్యాసింజర్లు ఎక్కి వస్తారు. మెకానిక్ షెడ్లలో పనిచేసే వాళ్లు, మటన్ కొట్లలో, బట్టల షాపుల్లో చేసే వాళ్లు, ఇంటర్ చదివే వాళ్లు ఒకే జట్టులో ఆడతారు. అన్ని మతాల పిల్లలూ ఉంటారు. వారం రోజులు ఫోన్లు పక్కన పెట్టి ఎండలో పరుగులు తీస్తారు. ఇది మంచి పని అని మేము నమ్ముతున్నాం.

ఈ ఏడాది ఒక వ్యాపారి మా దగ్గరికి వచ్చారు. మర్యాదస్తులు. అన్ని జట్లకూ జెర్సీలు, కప్పులు, భోజనాలు తామే పెట్టుకుంటామన్నారు. పైగా, పేద పిల్లలు కొందరికి కాలేజీ ఫీజులు కూడా కడతామన్నారు. బదులుగా జెర్సీ మీద, గ్రౌండు చుట్టూ కట్టే ఫ్లెక్సీల మీద ఒక పాన్ మసాలా పేరు ఉండాలి. పాన్ మసాలా అని రాయక్కర్లేదు, యాలకుల ప్యాకెట్ బొమ్మ వేస్తే చాలన్నారు. ఆ రాత్రి మా కార్యవర్గం ఇషా నమాజ్ తర్వాత కూర్చుంటే పన్నెండు దాటింది. ఫీజుల మాట వినగానే మాలో సగం మంది ఒప్పుకుందామన్నారు. అది దురాశ కాదు. ఫీజు కట్టలేక చదువు మానేసే పిల్లలు కళ్ల ముందు కనబడుతుంటే వచ్చిన మాట.

ఒక తప్పు కూడా ఇక్కడే ఒప్పుకుంటున్నాం. కొన్నేళ్ల క్రితం ఇలాంటి జెర్సీలే మేము ఒకసారి తీసుకున్నాం. వీపు మీద ఒక పాన్ మసాలా పేరు పెద్ద అక్షరాలతో ఉండేది. పోటీలు వారంలో ముగిశాయి. జెర్సీలు మాత్రం ముగియలేదు. పేద ఇంట్లో కొత్త చొక్కా ఊరికే పడి ఉండదు కదా. పిల్లలు అదే వేసుకుని ట్యూషన్‌కు వెళ్లారు, అదే వేసుకుని జుమాకు వచ్చారు. రేపల్లెలో ఒక తల్లి మా సభ్యుడిని ఆపి అడిగింది: “భాయ్, మా వాడు సజ్దాకు వంగితే వెనక సఫ్‌లో ఉన్న వాళ్లకు కనిపించేది ఆ పేరే. మీరే ఇచ్చారంట కదా?” ఆమె ఆ పేరు మీద గుడ్డ ముక్క వేసి కుట్టింది. మా దగ్గర జవాబు లేకపోయింది. ఈసారి ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కున్నాకే నిర్ణయం తీసుకోవాలనుకున్నాం. అందుకోసం ఈ స్పాన్సర్‌షిప్ అనేది ఎక్కడ మొదలై, ఎలా మన గ్రౌండు దాకా వచ్చిందో తెలుసుకున్నాం. అదే ఇప్పుడు మీతో పంచుకుంటాం.

టీవీ తలుపు మూస్తే గ్రౌండు తలుపు

పొగాకు మనకు పరాయిది కాదు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది. 1975లో వచ్చిన చట్టం ప్రకారం 1976 జనవరి 1న అది ఏర్పడింది. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న చీరాలలో ఐఎల్‌టీడీ కంపెనీ అంటే తెలియని పాతతరం వాళ్లు లేరు. పొగాకు బ్యారన్‌ల దగ్గర, గ్రేడింగు షెడ్లలో కూలి చేసి పిల్లల్ని పెంచిన తల్లులు మన ఇళ్లలోనూ ఉన్నారు. ఆ కూలి డబ్బు గురించి మేము ఒక్క మాట కూడా అనడం లేదు. చెమటోడ్చిన వారి కూలి వేరు, పిల్లవాడి వీపు మీద కంపెనీ కొనుక్కునే జాగా వేరు. మా మాట రెండోదాని గురించే.

సిగరెట్ కంపెనీలు ఆటల్లోకి ఎందుకు వచ్చాయో చూడండి. బ్రిటన్‌లో 1965 ఆగస్టు నుంచి టీవీలో సిగరెట్ ప్రకటనలు నిషేధించారు. నాలుగేళ్లు తిరగకుండానే, 1969లో, అక్కడి కౌంటీ క్రికెట్‌లో జాన్ ప్లేయర్ లీగ్ మొదలైంది. జాన్ ప్లేయర్ సిగరెట్ కంపెనీ. 1972లో బెన్సన్ అండ్ హెడ్జెస్ కప్ వచ్చింది. అదీ సిగరెట్టే. ప్రకటన వేయడానికి వీల్లేని టీవీలోనే ఆట ప్రసారమవుతుంది, ఆటతో పాటు పేరూ వెళ్తుంది. మనం 1985లో ఆస్ట్రేలియాలో గెలిచిన వరల్డ్ చాంపియన్‌షిప్‌కూ, 1992 వరల్డ్ కప్‌కూ ముందు తగిలించిన పేరు ఆ బెన్సన్ అండ్ హెడ్జెస్‌దే.

మన దగ్గరా అదే దారి. హైదరాబాద్‌లో నవాబు మొయినుద్దౌలా పేరున ఉన్న గోల్డ్ కప్ పోటీల్లో వజీర్ సుల్తాన్ టొబాకో కోల్ట్స్ ఎలెవన్ అనే జట్టు ఆడేది. అదే కంపెనీ చార్మినార్ సిగరెట్ తయారుచేసేది. 1980లలో భారత జట్టు చార్మినార్ చాలెంజ్ కప్ పేరుతో వన్డేలు ఆడింది. మన చార్మినార్, మన హైదరాబాద్ అని మురిసిపోయాం గానీ, అది పెట్టె మీద బొమ్మ అని అప్పట్లో ఎవరికీ తట్టలేదు. దేశవాళీ వన్డేలకు 1977-78 నుంచి విల్స్ ట్రోఫీ ఉంది. ఇక 1996లో వరల్డ్ కప్ పేరే విల్స్ వరల్డ్ కప్. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్‌లో వెస్టిండీస్, జింబాబ్వే, విశాఖపట్నంలో ఆస్ట్రేలియా, కెన్యా ఆడాయి. ఆ రోజుల్లో సచిన్, అజహర్ల చొక్కా మీద ఉన్నది కూడా విల్స్ పేరే. అప్పుడు మేము చిన్నవాళ్లం. ఆ పేరున్న టోపీ కోసం అబ్బాజాన్ దగ్గర మారాం చేసిన వాళ్లు మాలో ఉన్నారు. అది సిగరెట్ పేరని తెలిసి కాదు, మన జట్టు పేరనుకుని.

అదే సమయంలో గోవాలో బడిపిల్లల మీద ఒక సర్వే జరిగింది. విల్స్ స్పాన్సర్ చేసిన భారత్, న్యూజీలాండ్ సిరీస్ తర్వాత చేసిన ఆ పరిశీలన 1996లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. చొక్కా మీది పేరు చూసి, పొగకూ మంచి ఆటకూ ఏదో సంబంధం ఉందని అనుకున్న పిల్లలు కనిపించారు. ఏ క్రికెటరూ ‘సిగరెట్ తాగండి’ అని చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది.

2001లో ఐటీసీ ఆటల స్పాన్సర్‌షిప్ నుంచి తప్పుకుంది. 2003లో పార్లమెంటు పొగాకు ఉత్పత్తుల చట్టం చేసింది. దాని 5వ సెక్షన్ ప్రకటనలను నిషేధించింది. అంతేకాదు, స్పాన్సర్‌షిప్‌కు గానీ, కానుకకు గానీ, బహుమతికి గానీ, స్కాలర్‌షిప్‌కు గానీ బదులుగా పొగాకు ఉత్పత్తికో దాని బ్రాండ్ పేరుకో ప్రచారం చేయకూడదని స్పష్టంగా చెప్పింది. స్కాలర్‌షిప్ అనే మాటను గమనించండి. మా ముందుకు వచ్చిన ప్రతిపాదనలో ఉన్నదీ అదే. ఇలాంటి మేళ్లతోనే పేరు ఊళ్లోకి వస్తుందని ఆ చట్టం రాసినవాళ్లు ముందే ఎరిగినట్టుంది.

మారిన సీసా, అదే పేరు

మద్యం కథ ఇంకొంచెం గడుసుగా నడిచింది. మన రాష్ట్రంలో మద్యం గురించి ఎవరూ మాకు పాఠం చెప్పనక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం తెచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో పోయింది. ఆ పోరాటంలో హిందువు, ముస్లిం అని తేడా లేకుండా ఇంటికి రాని కూలి డబ్బు కోసం ఆడవాళ్లు దుకాణాల ముందు కూర్చున్నారు.

టీవీలో మద్యం ప్రకటన వేయకూడదని నిబంధన ఉంది. అయితే అదే పేరుతో సోడా, మంచినీళ్లు, పాటల సీడీలు వచ్చాయి. సీసా మారుతుంది, పేరు మారదు. 1998లో కోల్‌కతాలోని రెండు పేరున్న ఫుట్‌బాల్ క్లబ్బులు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ యూబీ గ్రూపుతో ఒప్పందం చేసుకుని, పేర్ల ముందు మెక్‌డొవెల్, కింగ్‌ఫిషర్ అని తగిలించుకున్నాయి. ఒకటి విస్కీ, ఒకటి బీరు. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు బెంగళూరు జట్టుకు రాయల్ చాలెంజర్స్ అని పేరు పెట్టారు. అప్పటి యజమాని మద్యం వ్యాపారి. రాయల్ చాలెంజ్ ఆయన సంస్థ విస్కీ. ఇక్కడ చొక్కా మీద పేరు వేయడం కూడా కాదు, జట్టు పేరే సరుకు పేరులో నుంచి పుట్టింది. మన పిల్లలు ఆ పేరు జపించేటప్పుడు తప్పు వాళ్లది కాదు. వాళ్లకు కోహ్లీ తెలుసు, సీసా తెలియదు. సీసా తెలిసే వయసు వచ్చేసరికి ఆ పేరు పాత నేస్తంలా ఉంటుంది. కంపెనీ డబ్బు పెట్టేది ఆ నేస్తరికం కోసమే.

యాలకుల బొమ్మ ఎందుకు చాలన్నారో అప్పుడు మాకు అర్థమైంది.

చట్టం వద్దన్నది, చొక్కా రమ్మన్నది

ఇక జూదం. ఇది మన కళ్ల ముందు జరిగిన చరిత్ర. ఆన్‌లైన్ రమ్మీలో జీతం, అప్పు తెచ్చిన సొమ్ము, చివరికి ఇంట్లో బంగారం పోగొట్టుకున్న కుటుంబాలు మన సంఘం గడప తొక్కాయి. పేర్లు చెప్పం. వైద్యం కోసమని వచ్చిన అర్జీ వెనక అసలు కారణం ఫోన్‌లో ఉందని తర్వాత తెలిసిన సందర్భాలు ఉన్నాయి.

2020 సెప్టెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని ఆర్డినెన్సుతో సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. సరిగ్గా అదే సెప్టెంబరులో మొదలైన ఐపీఎల్‌కు టైటిల్ స్పాన్సర్ డ్రీమ్11. అందుకు ఆ సంస్థ ఇచ్చింది 222 కోట్ల రూపాయలు. డబ్బు పోటీల్లోకి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులను ఆ సంస్థే చేర్చుకునేది కాదు. అయినా మన ఇళ్లలో టీవీ పెడితే రాత్రంతా కనిపించింది ఆ పేరే. 2023 జులైలో అది ఏకంగా భారత జట్టు జెర్సీ మీదికి వచ్చింది. మూడేళ్లకు 358 కోట్లు. మన రాష్ట్రంలో చట్టం వద్దన్న ఆట పేరు మన దేశపు చొక్కా మీద ఉంది. పిల్లవాడు దేన్ని నమ్మాలి?

2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. డ్రీమ్11 తప్పుకుంది. సెప్టెంబరులో ఆసియా కప్‌లో భారత జట్టు ఛాతీ మీద ఏ స్పాన్సర్ పేరూ లేకుండా ఆడింది. ఆట ఆగలేదు. కప్పు కూడా గెలిచింది. ఆ నెలలోనే అపోలో టైర్స్ కొత్త స్పాన్సర్‌గా వచ్చింది. ‘ఈ డబ్బు లేకపోతే ఆట ఎలా?’ అనే ప్రశ్నకు కొంత జవాబు ఇక్కడే దొరికింది.

వద్దన్నవాళ్లు

మరి ఆటగాడు వద్దంటే కుదురుతుందా? కుదిరింది. దక్షిణాఫ్రికా జట్టుకు కాజిల్ బీరు స్పాన్సర్‌గా ఉన్న కాలమంతా హాషిం ఆమ్లా ఆ గుర్తు లేని చొక్కాతోనే ఆడారు. జట్టు చొక్కాల మీద ఉంది, ఆయన చొక్కా మీద లేదు. ఆయన ఎవరినీ నిందించలేదు, జట్టును విడిచిపోలేదు, పరుగులు చేస్తూ పోయారు. 2013లో పాకిస్థాన్ నుంచి ఆస్ట్రేలియాకు వచ్చి స్థిరపడిన ఫవాద్ అహ్మద్ అక్కడి జట్టులో ఆడుతూ బీరు గుర్తు వద్దని అడిగారు. కొందరు ఆయన్ను అవమానించారు. క్రికెట్ బోర్డు మాత్రం ఆయన మాట గౌరవించింది.

ఇది ముస్లింల పట్టింపు మాత్రమే అనుకునేవారికి మన బాపట్ల జిల్లా మనిషినే చూపిస్తాం. ఇంకొల్లు దగ్గరి నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. అప్పటికి ఆ టైటిల్ గెలిచిన రెండో భారతీయుడు ఆయన. తర్వాత ఒక పెద్ద కూల్‌డ్రింక్ కంపెనీ ప్రచారానికి పిలిస్తే, ఒంటికి మంచిది కాదని తాను మానేసిన పానీయాన్ని పిల్లలకు తాగమని చెప్పలేనని వద్దన్నారు. అది మద్యం కాదు, పొగాకు కాదు, నిషేధించిన వస్తువూ కాదు. అప్పుడాయన కోటీశ్వరుడూ కాదు. తాను ముట్టనిదాన్ని పిల్లల ముందు పెట్టకూడదన్నది ఆయన లెక్క. ఆ లెక్క ఏ మతం వారికైనా అర్థమవుతుంది.

మేలు ఉంది, అయినా

ఇప్పుడు మా కార్యవర్గంలో వచ్చిన గట్టి వాదన దగ్గరికి వస్తాం. ‘సొమ్ము పేద పిల్లల ఫీజులకే కదా పోతుంది? మన జేబులోకి కాదు కదా?’ దీనికి జవాబు కోసం ఉలమాలను అడిగాం. వారు చెప్పిన సంగతి మాలో చాలామందికి కొత్త.

ఇస్లాంకు పూర్వం అరబ్బులు ఆడే జూదాన్ని మైసిర్ అంటారు. ఒంటెను కోసి భాగాలు చేసేవారు. గుర్తులు పెట్టిన బాణాలు సంచిలో వేసి ఒక్కొక్కటే తీసేవారు. వాటాలు వచ్చినవారు గెలిచినట్టు, రానివారు ఒంటె ఖరీదు చెల్లించాలి. చలికాలంలో, కరువులో ఇది బాగా సాగేది. గెలిచినవారు ఆ మాంసాన్ని తాము తినకుండా పేదలకు పంచి, అందుకు గర్వపడేవారని ముఫస్సిర్లు రాశారు. ఈ ఆటలో చేరనివాణ్ణి పిసినారి అని ఎగతాళి చేసేవారట. అంటే ఆనాటి జూదం పేదల ఆకలి తీర్చే దానంగానే పేరు తెచ్చుకుంది. ఈనాటి భాషలో చెబితే, దానికి ఒక చారిటీ విభాగం ఉండేది.

దివ్య ఖుర్‌ఆన్ అల్ బఖరా సూరా 219వ ఆయత్‌లో మద్యం, జూదాల ప్రస్తావన వస్తుంది. వాటిలో ప్రజలకు కొంత మేలు ఉందని అల్లాహ్ కాదనలేదు. ఆ మేలు కన్నా వాటి పాపం పెద్దదని తేల్చాడు. తర్వాత అల్ మాయిదా సూరాలో పూర్తిగా వారించాడు. పేదవాడి పళ్లెంలో మాంసం పడుతోందన్న సంగతి తెలియక కాదు ఆ ఆజ్ఞ వచ్చింది, తెలిసే వచ్చింది. మేము ఆ రాత్రి వాదించుకున్న మేలు పద్నాలుగు వందల ఏళ్ల క్రితమే త్రాసులో తూగి ఉంది.

పాన్ మసాలా మద్యం కాదు, జూదం కాదని ఒక సోదరుడు అన్నారు. నిజమే. పొగాకు అరేబియాకు చేరింది ఎంతో తర్వాత కాబట్టి, దాని మీద ఉలమాల మాట మక్రూహ్ దగ్గర నుంచి హరామ్ దాకా రకరకాలుగా ఉంది. మేము ఫత్వా ఇచ్చేవాళ్లం కాదు. నోటి క్యాన్సర్ వైద్యానికి సాయం అడుగుతూ మన దగ్గరికి వచ్చే అర్జీలు చదివేవాళ్లం మాత్రమే. ఒక చేత్తో ఆ అర్జీకి చెక్కు రాస్తూ, రెండో చేత్తో ఆ పేరున్న చొక్కా పిల్లవాడికి తొడగడం మా వల్ల కాలేదు.

చరిత్రంతా చూశాక మాకు తోచింది ఒకటే. ఇలాంటి డబ్బు ఎప్పుడూ చెడ్డ పని పేరుతో రాలేదు. ఆట పేరుతో వచ్చింది, కప్పు పేరుతో వచ్చింది, చదువు పేరుతో వచ్చింది. మేలు చేస్తూ రావడమే దాని దారి. కాబట్టి ‘మేలు జరుగుతుందా?’ అని అడిగితే సరిపోదు. ‘మేలుకు బదులుగా ఏం అడుగుతున్నారు?’ అని అడగాలి. వాళ్లు అడిగింది పిల్లవాడి వీపు. ఆ వీపు మనకు అమానతు. అమానతును అమ్ముకునే హక్కు మాకు లేదు.

మన ఇంటి లెక్క కూడా

ఇతరుల తప్పు వెతుకుతుంటే మన తప్పూ ఒకటి బయటపడింది. మన పోటీల్లో జట్లన్నీ ఎంట్రీ ఫీజు కట్టేవి. ఆ మొత్తమే గెలిచిన జట్టుకు ప్రైజు మనీగా ఇచ్చేవాళ్లం. ఊళ్లలో చాలా టోర్నమెంట్లు నడిచేది ఇలాగే. పోటీపడేవాళ్లంతా సొమ్ము పెట్టి, గెలిచినవాడు అందరిదీ తీసుకుపోతే అది ఖిమార్, అంటే జూదమే అవుతుందని ఫుకహాల మాట అని ఉలమాలు వివరించారు. బహుమతి పోటీలో లేని మూడో మనిషి ఇస్తే ఆ దోషం లేదు. దైవప్రవక్త (సఅసం) గుర్రప్పందాలు, విలువిద్య, పరుగు పోటీలు ప్రోత్సహించారు. ఆటను ఇస్లాం ఆపలేదు, ఆటలోకి జూదం దూరడాన్ని ఆపింది.

కాబట్టి మూడు నిర్ణయాలు తీసుకున్నాం. ఒకటి, పొగాకు, పాన్ మసాలా, మద్యం, జూదం పేర్లు గానీ, వాటి ముసుగు పేర్లు గానీ మన జెర్సీ మీద, ఫ్లెక్సీ మీద, కప్పు మీద, స్కాలర్‌షిప్ కాగితం మీద ఉండవు. రెండు, ఎంట్రీ ఫీజు నామమాత్రంగా ఉంచి బంతులకు, గ్రౌండుకు, మంచినీళ్లకే ఖర్చు చేస్తాం. ప్రైజు మనీలో ఒక్క రూపాయి కూడా కలపం. మూడు, ఆ వ్యాపారికి మర్యాదగా కబురు చేశాం. మీ కొట్టు పేరుతో కాక, మీ సొంత పేరుతో, ఏ గుర్తూ అడగకుండా పిల్లల ఫీజులకు ఇవ్వదలిస్తే, ఆ సొమ్ము సంగతి ఉలమాలను అడిగి చెబుతామన్నాం. ఆయన నొచ్చుకోలేదు. ఆలోచిస్తామన్నారు.

ఇలా వద్దనడం సులువేనా అంటే, కాదు. లోటు లోటే. కానీ దారి చూపినవాళ్లు ఉన్నారు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 1987లో పొగాకు మీద అదనపు సుంకం వేసి, ఆ సొమ్ముతో విక్‌హెల్త్ అనే సంస్థను పెట్టింది. సిగరెట్ కంపెనీలను నమ్ముకున్న క్లబ్బులకు వాళ్ల బదులు ఆ సంస్థే డబ్బిచ్చి, చొక్కాల మీది సిగరెట్ పేర్లు దింపించింది. వద్దని చెప్పి ఊరుకోలేదు. వదిలిన చోట ఇంకొకరిని నిలబెట్టింది. సుంకాలు వేసే అధికారం మనకు లేదు. మనకు ఉన్నది మీరు.

అందుకే ఈ మాటలన్నీ. జకాత్ సొమ్ము జెర్సీలకు వాడం. దానికి ఖుర్‌ఆన్ చెప్పిన ఎనిమిది పద్దులున్నాయి, అవి దాటే అధికారం మాకు లేదు. పోటీల ఖర్చు మీ సదఖాల నుంచి, విడిగా ఇచ్చే విరాళాల నుంచే రావాలి. ఒక కుటుంబం ఒక్క పిల్లవాడి జెర్సీ ఖర్చు పెట్టుకుంటే చాలు. ఒక వీధి ఒక జట్టును చూసుకుంటే చాలు. రసీదు పుస్తకాలు మూడు ఊళ్లలోనూ మన సభ్యుల దగ్గర ఉన్నాయి. ఆటల పద్దు వేరుగా రాసి, వచ్చే ఏడాది ఇదే సభలో చదువుతాం. ఇక పాన్ మసాలా డబ్బుతో వచ్చేవనుకున్న కాలేజీ ఫీజులు. ఆ పిల్లల అర్జీలు మా దగ్గర అలాగే ఉన్నాయి, వాళ్లకు ఇంకా జవాబు చెప్పలేదు. ఆ జవాబు ఏమిటో నిర్ణయించేది ఈ సభే.

ప్రైజు ఇచ్చే మూడో మనిషి కావాలన్నారు ఉలమాలు. ఆ మూడో మనిషి మీరు కావాలని కోరుతున్నాం.

ఇక జెర్సీ మీద ఏం రాయాలని కుర్రాళ్లనే అడిగాం. ఊరి పేరు చాలన్నారు. తెనాలి, బాపట్ల, రేపల్లె. వేసవిలో ఇన్షా అల్లాహ్ ఆ చొక్కాలే వేసుకుని పిల్లలు జుమాకు వస్తారు. సజ్దాకు వంగినప్పుడు వెనక సఫ్‌లోని వాళ్లకు కనిపించేది వాళ్ల ఊరి పేరే.

మా లోపాలను అల్లాహ్ మన్నించుగాక. మీ సంపాదనలో బర్కత్ ఇచ్చుగాక. మన పిల్లలను ఈ మూడు ఆపదల నుంచి కాపాడుగాక. ఆమీన్.

వ ఆఖిరు దావానా అనిల్ హందులిల్లాహి రబ్బిల్ ఆలమీన్.